కూలికి బదులు సర్టిఫికెట్టా?

విద్యాసంస్థల నాణ్యతను బేరీజు వేసే న్యాక్ బృందం వస్తోందంటే హైదరాబాద్ కళాశాలల్లో అతిథులకు దారి చూపేదీ, ఏళ్ల నాటి రికార్డులను కంప్యూటర్లోకి ఎక్కించేదీ చాలాచోట్ల విద్యార్థులే. డిగ్రీ సీట్లకు ఆన్‌లైన్‌లో జరిగే దోస్త్ ప్రవేశాల వేళ కొత్తవారి దరఖాస్తులు నింపిపెట్టడానికీ వారే కావాలి. ఇంత చాకిరీకి దక్కేది ఒక సర్టిఫికెట్టు, మరీ దయతలిస్తే ఒక బిర్యానీ పొట్లం. అదే విద్యార్థి, గ్రంథాలయంలో రోజుకు రెండు గంటలు పని ఇప్పిస్తే మెస్ బిల్లు కట్టుకుంటానని అడిగితే మాత్రం నిబంధనలు ఒప్పుకోవంటారు. ఉచితంగా చేయించుకున్నప్పుడు అడ్డురాని నిబంధన, డబ్బు మాట ఎత్తగానే ఎక్కడి నుంచి ఊడిపడుతోంది?

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కథ పాఠకులకు కొత్త కాదు. ఆ భారం చివరికి వచ్చి పడేది నల్లగొండ నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చి అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో తలదాచుకుంటున్న పిల్లల మీదే. క్యాంపస్‌లో పని దొరకనివారు పెళ్లిళ్ల సీజన్‌లో ఫంక్షన్ హాళ్లలో కేటరింగ్‌కు వెళ్తున్నారు, అర్ధరాత్రి దాకా బైకుల మీద భోజనం పొట్లాలు మోస్తున్నారు. వీడియోలకు లైకులు కొడితే చాలు, ఇంట్లో కూర్చునే సంపాదించవచ్చన్న టెలిగ్రామ్ మోసగాళ్ల మాట నమ్మి, ఉన్న నాలుగు రూపాయలూ పోగొట్టుకుని సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తున్నవారిలోనూ విద్యార్థులున్నారు.

సామాజికంగా, ఆర్థికంగా వెనుకబడిన వర్గాల విద్యార్థుల కోసం యూజీసీ రూపొందించిన మార్గదర్శకాల్లోనే చదువుతూ సంపాదించుకునే ఏర్పాటు ఉంది. తరగతులు లేని వేళల్లో గ్రంథాలయంలోనో, ప్రయోగశాలలోనో, కంప్యూటర్ విభాగంలోనో వారానికి 20 గంటలకు మించకుండా పని ఇచ్చి, గంటల లెక్కన చెల్లించాలన్నది దాని సారాంశం. పక్కనున్న మహారాష్ట్రలో పుణె విశ్వవిద్యాలయం, 1919లో రయత్ శిక్షణ్ సంస్థను స్థాపించిన కర్మవీర్ భావురావ్ పాటిల్ పేరిట ఇటువంటి పథకాన్ని నడుపుతోంది. అమెరికా 1964లోనే దీనికి చట్టం చేసింది. ఆ ప్రభుత్వ పథకం విదేశీయులకు వర్తించకపోయినా, మన పిల్లలు అక్కడి క్యాంపస్ క్యాంటీన్లలో గిన్నెలు తోమి గంటకు ఇన్ని డాలర్లని సంపాదిస్తే మనకు అది గర్వకారణం. ఇక్కడి క్యాంపస్‌లో అదే పనికి జీతం అడిగితే నామోషీ.

చదువు దెబ్బతింటుందని, నిధులు లేవని కొందరు అధ్యాపకులు, అధికారులు అంటున్న మాటల్లో కొంత నిజం లేకపోలేదు. కానీ అర్ధరాత్రి డెలివరీలతో దెబ్బతినని చదువు, సాయంత్రం రెండు గంటలు పుస్తకాలు సర్దితే దెబ్బతింటుందా? నిధుల్లేని సంస్థలు ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీలకు నెలనెలా కమీషన్ ఎలా చెల్లిస్తున్నాయి? ఉచితంగా పనిచేసేటప్పుడు చదువు పాడవుతుందన్న చింత ఎవరికీ కలగదు. జీతం అడిగిన రోజునే అందరికీ అది గుర్తుకొస్తుంది.

ఉన్నత విద్యామండలి, విశ్వవిద్యాలయాలు కలిసి ఏయే పనులు, ఎన్ని గంటలు, గంటకు ఎంత అన్నది నిర్ణయించి, కనీస వేతనానికి తగ్గకుండా వచ్చే ప్రవేశాల నాటికి నోటీసు బోర్డుల మీద పెట్టాలి. ఆ పాటి పని చేతకాకపోతే, ఈసారి న్యాక్ బృందం వచ్చేటప్పుడు వాలంటీర్లు కావాలంటూ తరగతి గదులకు సర్క్యులర్లు పంపడం మానుకుని, ఆ కుర్చీలేవో మీరే మోసుకోండి.