దొంగలే నయం

మన పేపర్లలో 'రెక్కీ' అనే మాట దొంగల వార్తల్లోనే కనబడుతుంది. తాళం వేసిన ఇంటి చుట్టూ నాలుగు రోజులు తిరిగి, పాలవాడు ఎప్పుడొస్తాడు, పక్కింటి కుక్క అరిచే రకమా కాదా, పెరటి గోడ ఎంత ఎత్తు, అన్నీ చూసుకుంటేగానీ వాళ్లు తాళం మీద చేయి వేయరు. ఎర్రచందనం దుంగలు దాటించేవాళ్లు కూడా ముందు ఒక బైకును పైలట్‌గా పంపి, రోడ్డు ఖాళీ అని తెలిశాకే వెనక బండి కదుపుతారు. నలభై మందిని వెంటేసుకుని శేషాచలం అడవుల్లోకి నడిపించే మన తిరుపతి ట్రెక్ లీడర్లకు మాత్రం ఈ పాడు అలవాటు అంటలేదు. వాళ్లు పెద్దమనుషులు. ముందే వెళ్లి దారి చూసి రావడమంటే కొండను అనుమానించినట్టే కదా!

మొన్న కార్తీకంలో మా గ్రూపు అడ్మిన్ గారు ఒక కోనకు ట్రెక్ ప్రకటించారు. ఆయన పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, ఇలాంటివాళ్లు మన ఊళ్లో వీధికొకరు.

సన్నాహాల్లో ఎవరూ వంక పెట్టలేరు. టీషర్టు నీలమా, ఆకుపచ్చా అని వాట్సాప్‌లో మూడు రోజులు చర్చ, ఆపైన ఓటింగు. పులిహోరకూ టమోటా బాత్‌కూ మధ్య ఒక రాత్రంతా యుద్ధం. బ్యానర్ మీద అడ్మిన్ గారి ఫోటో కొండ కంటే పెద్దదిగా ఉండాలా, కొండంతే చాలా అన్నది తేలేసరికి శుక్రవారం అయింది. ఆ శుభవేళ నేనొక అప్రాచ్యపు ప్రశ్న వేశాను. "వంకలో నీళ్లు ఎంతున్నాయో ఎవరైనా చూసొచ్చారా?"

నీలం టిక్కులు పడ్డాయి, జవాబు పడలేదు. చాలాసేపటికి అడ్మిన్ గారే దయతలిచారు. "టెన్షన్ పడకు బ్రదర్, ఆ దారి నాకు కొట్టిన పిండి."

ఆ పిండి కొట్టింది రెండేళ్ల కిందట, ఏప్రిల్ నెలలో అని తర్వాత తెలిసింది.

ఏప్రిల్‌లో మన వంకలు ఎలా ఉంటాయో మన జిల్లావాళ్లకు నేను చెప్పాలా? ఇసుకలో చెలమ తవ్వితే గానీ నీటి చుక్క కనబడదు. మనకు గట్టి వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. కింద మనం ఎండలో సెల్ఫీ తీసుకుంటుంటే, పైన కొండ మీద కురిసిన వాన కాసేపటికి వంకలో దిగుతుంది. వచ్చే ముందు గ్రూపులో మెసేజ్ పెట్టదు.

ఆదివారం తొమ్మిదికి వంక ముందు నిలబడ్డాం. నలభై నీలం టీషర్టులు. అవతల గట్టు కనబడుతోంది, మధ్యలో టీ రంగు నీళ్లు హోరుమంటున్నాయి. మేకలు తోలుకొస్తున్న పెద్దాయన ఆగాడు.

"యాడికి సామీ పోతా ఉండారు? పైన రాత్రంతా వాన. ఇంకా ఎక్కువయితాయి నీళ్లు."

అడ్మిన్ గారు ఆయనకు ఫోను చూపించారు. మ్యాపులో నీలం చుక్క. ఆ చుక్క లెక్కన మేము వంకకు అవతల ఉన్నాం, అంటే దాటేశాం. పెద్దాయన ఫోనును చూశాడు, వంకను చూశాడు, మా టీషర్టులను చూశాడు. బీడీ వెలిగించుకుని ఒక బండ మీద కూర్చున్నాడు. ఊరికే వచ్చే వినోదాన్ని వదులుకునేంత అమాయకుడిలా లేడు.

ఆ తర్వాత శాస్త్రీయ పరీక్షలు మొదలయ్యాయి. అడ్మిన్ గారు ఒక రాయి వేసి, చెవి పెట్టి, "మోకాలి లోతే" అని ప్రకటించారు. ఎవరి మోకాలో చెప్పలేదు. రెండో రాయి చప్పుడు హోరులో వినబడలేదు. "చూశారా, చప్పుడే లేదు, అంటే లోతే లేదు." మూడో పరికరంగా మాలో అందరికంటే పొడుగైన బ్యాంకు క్యాషియర్‌ను దింపారు. మూడో అడుగులో నీళ్లు తొడల దాకా వచ్చాయి. నాలుగో అడుగు పాచి పట్టిన బండ మీద పడింది. క్యాషియర్ గారు తీర్థస్నానానికి కూర్చున్నట్టు నీళ్లలో కూర్చుండిపోయారు. ఆయన చెప్పు ఒకటి స్వర్ణముఖి వైపు ప్రయాణం కట్టింది. ఇద్దరు చేయి పట్టి లాగుతుంటే పైనుంచి డ్రోన్ తీస్తోంది. డ్రోన్ కుర్రాడు అరిచాడు: "అన్నా, ఇంకొక్కసారి జారండన్నా, ఫ్రేములో పడలా!"

నేనూ నవ్వాను. వెనక్కి తిరిగి చూశాక నవ్వు ఆగిపోయింది. ఎనిమిదేళ్ల పిల్ల నాన్న చేయి పట్టుకుని చెప్పులు విప్పుతోంది. మోకాళ్ల నొప్పికి మాత్ర వేసుకుని వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంటోంది. వీళ్లు దాటాక నీళ్లు పెరిగితే ఇవతలకు ఎవడు తెస్తాడయ్యా? నీ నీలం చుక్కా? 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారే కొట్టుకుపోయి నెలల తరబడి మూసేశారు. రాళ్లతో కట్టిన మెట్లకే దిక్కు లేకపోతే, మేకలు తొక్కిన బాట నీ కోసం రెండేళ్లు అలాగే కాచుకుని ఉంటుందా? శనివారం ఒక పూట, ఒక బైకు, ఒక లీటరు పెట్రోలు. ఇంతే కదా అడిగింది. వంక ఎక్కడ దాటాలి, నీళ్లు పెరిగితే తిరిగొచ్చే దారేది, ఫోను ఎక్కడిదాకా పలుకుతుంది, అందరికంటే మెల్లగా నడిచేవాళ్లతో ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి? నవంబరులో ఐదున్నరకే కోన చీకటి పడుతుందని కూడా తెలియనివాడు లీడరా? రాత్రి టార్చిలైట్లు పట్టుకుని నీ కోసం వెతకాల్సింది ఊరివాళ్లూ, ఫారెస్టు వాచర్లూ. వాళ్లకు పిల్లలు లేరా?

ఇదంతా నేను అక్కడ అన్నానని అనుకునేరు. అనలేదు. టీచరమ్మ ఎత్తిన కుచ్చిళ్లు దించేసి, "నేను దాటను, నువ్వూ దాటవు" అన్నారు అడ్మిన్ గారితో. ఆయన ఏడో తరగతి ఆమె దగ్గరే చదివారట. మేకల పెద్దాయన బీడీ ఆర్పి లేచాడు.

పదకొండుకల్లా రోడ్డు పక్కన పులిహోర తిన్నాం. సాయంత్రం గ్రూపులో 'ట్రెక్ విజయవంతం' అని నూటపది ఫోటోలు వచ్చాయి, క్యాషియర్ గారి స్నానంతో సహా.

ఈ ఉదయం కొత్త ప్రకటన వచ్చింది. వచ్చే ఆదివారం ఇంకో కోన, దారి సూపర్. ఈసారి టీషర్టు నారింజ రంగు అట. ఎందుకని అడిగితే, అడవిలో ఎంత దూరం నుంచైనా కనబడుతుందన్నారు.