ఏనుగు పట్టేంత సీసా

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని మన పెద్దలు కట్టిన లెక్క అమెరికా సర్కస్ యజమాని ఫీనియాస్ బార్నం చెవిన పడి ఉంటే, ఆయన మన వ్యాపార జ్ఞానానికి జాలిపడి ఉండేవాడు. 1882లో లండన్ జంతుప్రదర్శనశాల నుంచి ఆయన కొన్న జంబో అనే ఏనుగు 1885లో కెనడాలోని సెయింట్ థామస్‌లో గూడ్సు రైలు గుద్ది చనిపోయింది. ఆయన దాని తోలును ఒక ఏనుగుగానూ, ఎముకలను మరొక ఏనుగుగానూ నిలబెట్టించి, బతికున్నంత కాలం ఒక్కటిగానే ఉన్న జంతువును చచ్చాక రెండుగా ఊరూరా తిప్పాడు. తోలును వీలైనంత పెద్దగా కనబడేటట్టు సాగదీయమని పురమాయించాడు కూడా. మేత ఖర్చు లేదు, మావటి జీతం లేదు. మ్యూజియం అనే వ్యవస్థ ఆంతర్యాన్ని సర్కస్ వాళ్లలో మొదట గ్రహించినవాడు ఆయనే అని నా నిశ్చితాభిప్రాయం.

ఆ తోలు ఏనుగును బార్నం, తాను విరాళాలిచ్చి ఆదరించిన, ఇప్పుడు విశ్వవిద్యాలయమైన అమెరికాలోని టఫ్ట్స్ కళాశాలకు దానం చేశాడు. అది 1975లో అగ్నిప్రమాదంలో కాలిపోగా, క్రీడా విభాగం వారు కాస్త బూడిదను పీనట్ బటర్ సీసాలోకి ఎత్తి దాచారు; పోటీలకు ముందు ఆటగాళ్లు అదృష్టం కోసం దానిని తడుముతారు. ఒకప్పుడు విద్యార్థులు అదే అదృష్టం కోసం లాగిన తోక అంతకు మునుపే విడివడి ఉండటంతో, ఇప్పుడు విశ్వవిద్యాలయ భాండాగారంలో క్షేమంగా ఉంది. ఏనుగు వెళ్లి తోక చిక్కడమనే సామెతకు ఇంతటి ప్రామాణికమైన ఆధారం మన దేశంలో కూడా దొరకదు.

ఈ సీసా పొదుపును ఇతర మ్యూజియాలు ఎందుకు గ్రహించలేదో తెలియదు. విస్కాన్సిన్‌లోని బారబూలో, రింగ్లింగ్ అన్నదమ్ముల సర్కస్ ఒకప్పుడు చలికాలం విడిది చేసిన చోట, 1959లో సర్కస్ వరల్డ్ మ్యూజియం తెరిచారు. రెండు వందలకు పైగా సర్కస్ బళ్లు అక్కడ ఉన్నాయి. ఒక ఊళ్లో నిలకడగా ఉండకపోవడమే వృత్తిగా పుట్టిన బళ్లను, చక్రం కదలకుండా, ఎండా వానా తగలకుండా కాపాడుతున్నారు. రంగుల చెక్కడాలు మాత్రం నిజంగా చూడదగ్గవే.

ఫ్లోరిడాలోని సరసోటా వారు కాస్త నయం. అక్కడి రింగ్లింగ్ మ్యూజియంలో హోవార్డ్ టిబల్స్ దశాబ్దాల తరబడి కూర్చుని చేసిన బొమ్మ సర్కస్ ఉంది. అసలుకు పదహారో వంతు కొలతలో డేరాలు, రైలు పెట్టెలు, వంటశాల, ఏనుగులు, మొత్తం 42,000కు పైగా వస్తువులున్న దానిని ప్రపంచంలోకెల్లా పెద్దదైన చిన్న సర్కస్ అంటారు. దానికి రింగ్లింగ్ పేరు పెట్టుకోవడానికి ఆ సర్కస్ కంపెనీ ఒప్పుకోకపోతే, పాపం, ఆయన హోవార్డ్ బ్రదర్స్ అని తన పేరే పెట్టుకున్నాడు. పేరివ్వనన్న సర్కస్ 2016లో ఏనుగులను విరమింపజేసి, 2017లో డేరా ఎత్తేసి, 2023లో జంతువులు లేకుండా తిరిగి వచ్చింది. పేరు దొరకని సర్కస్‌లో మాత్రం గజసేన యథాస్థానంలో ఉంది.

కుదింపు విద్యలో వీరందరినీ మించినవారం మనమే. విజయనగరం నుంచి సర్కస్ నడిపి, గుండెల మీద ఏనుగును నిలుపుకుని దేశమంతా చప్పట్లు కొట్టించుకున్న కోడి రామ్మూర్తి నాయుడికి శ్రీకాకుళంలో ఒక స్టేడియం ఉంది. దానిలో క్రికెట్ ఆడినా ఆయన ఆక్షేపించరు. ఆయన సర్కస్‌కు మ్యూజియమంటూ నా కంట పడలేదు గనుక, అది అగ్నికి ఆహుతయ్యే ప్రమాదమూ లేదు.

ప్రభుత్వం వారు ఎన్నడైనా ఆ దిశగా ఆలోచిస్తే స్థలసేకరణ, శంకుస్థాపన, కమిటీ ఏవీ అక్కరలేదని సవినయంగా మనవి చేస్తున్నాను. ఉత్తరాంధ్రలో ఏ ఇంట్లోనైనా అడిగితే ఖాళీ ఆవకాయ జాడీ ఇస్తారు. అందులో వేయడానికి ఆ ఏనుగు తోక వెంట్రుక ఒక్కటైనా ఎవరి దగ్గరైనా ఉంటే తెలియజేయగలరు.