సవరణ: మంచినీటి స్నానం చేపల తెల్లమచ్చలకు పనికిరాదు

ఉప్పునీటి చేపను ఐదు నిమిషాలు మంచినీటిలో ఉంచితే పరాన్నజీవులు రాలిపోతాయని గత పోస్టులో రాసింది ఒంటిని పట్టుకునే ఫ్లూక్ పురుగుల గురించి మాత్రమే. తెల్లమచ్చలకు కారణమైన క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి చర్మం లోపల దాక్కుంటుంది, మంచినీరు దాన్నేమీ చేయలేదు. దానికి ఎక్కువగా వాడేది రాగి మందు. అదీ వేరే ట్యాంకులో, డబ్బా మీది మోతాదు ప్రకారం, నీటిలో రాగి ఎంతుందో టెస్ట్ కిట్‌తో కొలుస్తూ. అసలు ట్యాంకులో పోశారంటే రొయ్యలు, నత్తలు, పగడాలు అన్నీ పోతాయి. పైగా రాళ్లూ ఇసుకా రాగిని పట్టేసుకుంటాయి.

మచ్చలు మాయమయ్యాయని సంబరపడి మందు ఆపేయకండి. చాలాసార్లు ఆ జీవి చేపను వదిలి అడుగున తిత్తి కట్టుకుందని అర్థం. ఒక్క తిత్తి నుంచి వందల పిల్లలు రావచ్చు. వాటికి చేప దొరక్కపోతే ఒకటి రెండు రోజుల్లో చస్తాయి గానీ, తిత్తులన్నీ ఒకేసారి పగలవు. అందుకే అసలు ట్యాంకులో 76 రోజులు చేపలు వేయకూడదని చాలామంది పాటించే లెక్క. విసుగే, తప్పదు.

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లి సముద్రపు నీళ్లు తెచ్చుకునేవాళ్లకు ఇంకో మాట. వంశధార కలిసేది అక్కడే కాబట్టి వానాకాలం ఉప్పు తగ్గుతుంది. నీటిలో ఉప్పు ఎంతుందో చూపే హైడ్రోమీటర్‌లో 1.025 దగ్గర చూపిస్తేనే పోయండి.