ఆనకట్ట దాటితే ఆ కొండ

గేట్లు ఎత్తారన్న వార్త వస్తే చాలు, నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండల నుంచి జనం సాగర్‌కు పోటెత్తుతారు. నురగలు చూసి, ఫొటోలు దిగి, వేయించిన చేపలు తిని పొద్దుగూకేసరికి ఇంటిదారి పడతారు. జలాశయం నడుమ కోటగోడ చుట్టుకున్న కొండ ఒకటుందని, ఆ గోడల లోపల మ్యూజియం ఉందని వినడమే తప్ప చూసినవారు వారిలో తక్కువ. అవతలి గట్టు రాష్ట్రానిదైనా నాగార్జునకొండ మనకు పరాయిది కాదు.

సాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. మునిగిపోనున్న లోయలో అంతకు ముందే, 1954లో, తవ్వకాలు మొదలై 1960 దాకా సాగాయి. శాతవాహనుల తర్వాత ఈ నేలను ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మట్టిలోంచి బయటపడింది, మళ్లీ నీటి పాలు కావడానికి. దొరికినంత మేర శిల్పాలను, శాసనాలను, కొన్ని కట్టడాలనైతే రాయి రాయిగా విప్పి కొండపైకి చేర్చారు. శత్రువుకు అందకూడదని మధ్యయుగంలో కోట కట్టుకున్న కొండే వాటిని కృష్ణమ్మకు అందకుండా కాపాడింది. ఎడమ కాలువ కింద మన వరి మడులు పచ్చబడటానికి ఆ లోయ చెల్లించిన మూల్యమేమిటో ఆ గదుల్లో నిలబడితే తెలుస్తుంది.

లేత ఆకుపచ్చ ఛాయలో మెరిసే పలనాటి సున్నపురాయి మీద చీర కుచ్చెళ్లు, గుర్రం కళ్లెం, తలపాగా ముడి ఇప్పటికీ విడివిడిగా కనిపిస్తాయి. రాజుల గొప్పల కన్నా ఆడవాళ్ల దానాలను ఎక్కువగా చెప్పే శాసనాలవి. మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపానికి, దానమిచ్చిన చాంతిసిరి ఇక్ష్వాకు రాజు తోబుట్టువు. మరో దాత బోధిసిరి మాత్రం ఒక ఉపాసిక, అంటే ఇంటిపట్టున ఉంటూ బౌద్ధాన్ని పాటించే స్త్రీ. ఆమె శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, సింహళం పేర్లు వరుసగా వస్తాయి. మన ఆడపిల్లలు ఆ అక్షరాల ముందు నిలబడి చూడాలని మా కోరిక.

అయితే వెళ్లడమెలా? చాలినంత మంది టిక్కెట్లు కొనలేదని లాంచీ కదలదు. శుక్రవారం మ్యూజియానికి సెలవన్న సంగతి రేవుకు వచ్చాక గానీ తెలియని కుటుంబాలున్నాయి. తీరా చేరాక తిరుగు లాంచీ తొందర. గాలి, వరద ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో ప్రయాణం ఆపడం సబబే. మిగతా రోజుల్లో ఈ అనిశ్చితి దేనికి? రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు కూర్చుని, ఏ గట్టున ఎక్కినా చెల్లే టిక్కెట్టు, వేళ తప్పని లాంచీలు, కొండ మీద కనీసం మూడు గంటల సమయం ఖాయం చేయాలి. జిల్లా విద్యాధికారులు బడిపిల్లల విహారయాత్రల్లో ఆనకట్టతో పాటు ఈ కొండను కూడా చేర్చాలి. జలాశయం నిండుగా, ఎండ మెత్తగా ఉండే ఈ చలికాలమే అందుకు అదను.