కాలు కదపని సేవకు శాలువా

1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా వెలిగిన మా కర్నూలుకు, ఆ తర్వాత గర్వపడే సందర్భం మళ్లీ పోయిన ఆదివారమే దక్కింది. ఒక డెలివరీ కంపెనీ పెద్దసారు పదవీ విరమణ చేశారు. సన్మాన సభలో మైకు అందుకున్నవాళ్లంతా, ఈ ఊళ్లో సారు చేరవేయని వస్తువు లేదన్నారు. నిజమే. మందులు, మిక్సీలు, పెళ్లిచీరలు అన్నీ చేరాయి. మోసింది వేరేవాళ్లంటారా? కొండారెడ్డి బురుజు కట్టించిన రాజులు మాత్రం రాళ్లెత్తారా!

'మసీదు వెనక సందు, నీళ్ల ట్యాంకుకు ఎదురు' అని రాసిన అడ్రసు పట్టుకుని ఇల్లు కనుక్కునే విద్య డెలివరీ కుర్రాళ్లది. అందుకు హైదరాబాదులో అవార్డు తీసుకున్నది సారు. పంపకం పద్ధతిగానే జరిగింది.

ఇక సమాజసేవ. ఏటా ఎండాకాలం రాజ్‌విహార్ సెంటర్‌లో సారు మజ్జిగ చలివేంద్రం పెట్టించేవారు. ఫ్లెక్సీలో సారు ముఖం మజ్జిగ డ్రమ్ము కన్నా పెద్దది. నలభై దాటిన ఎండలో దారిన పోయేవాళ్లంతా తాగారు, ఆ కంపెనీ టీషర్టు వేసుకున్నవాళ్లు తప్ప. బండి ఆపితే లేటు, లేటైతే రేటింగ్ పడిపోతుంది, రేటింగ్ పడితే ఇన్సెంటివ్ కట్. దీన్ని సారు క్రమశిక్షణ అనేవారు. రక్తదాన శిబిరానికి మాత్రం వాళ్లందరినీ తప్పకుండా రమ్మనేవారు. బండి వాళ్లదే, పెట్రోలు వాళ్లదే, రక్తమూ వాళ్లదే. బ్యానర్ ఒక్కటే కంపెనీది.

సారు ఓపిక గురించి కూడా చెప్పాలి. ఇలాంటి కుర్రాళ్లను గిగ్ వర్కర్లుగా, అంటే నెలజీతం లేకుండా పనికింత లెక్కన చేసేవాళ్లుగా, గుర్తిస్తూ 2020లో పార్లమెంటు సామాజిక భద్రతా కోడ్ అనే చట్టం చేసింది. కంపెనీలు ఏడాది టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వాళ్ల సంక్షేమానికి కట్టాలంది. వాళ్లకు చెల్లించే మొత్తంలో 5 శాతం దాటక్కర్లేదని చిన్న వెసులుబాటూ ఇచ్చింది (పాపం, కంపెనీలూ బతకాలి). ఆ కోడ్ అమల్లోకి వచ్చింది 2025 నవంబర్ 21న. పాలప్యాకెట్ పది నిమిషాలు లేటైతే ఫోన్ చేసి అరిచే మనం, ఐదేళ్లు దారిలోనే ఉండిపోయిన ఈ పార్శిల్ గురించి కంప్లైంట్ పెట్టలేదు. సారు అసలే పెట్టలేదు.

సభలో శాలువాలు, గజమాల, వెండి జ్ఞాపిక అన్నీ అమిరాయి. ముందు వరుసలో కుర్చీలు మిగిలాయి కూడా. కుర్రాళ్లు రాలేదు. ఆదివారం ఆర్డర్లెక్కువ కదా.

ఆ సాయంత్రమే మా ఇంటికొక పార్శిల్ వచ్చింది. తెచ్చిన పిల్లోణ్ని అడిగాను: "ఏమప్పా, మీ పెద్దసారు రిటైరయినాడంట, సన్మానానికి పోలేదా?"

వాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా అన్నాడు: "యాప్ గాక మాకు సారు కూడా ఉండాడా అన్నా? ఓటీపీ చెప్పు."