అన్‌సబ్సిడైజ్డ్ లోన్ గారికి ఓ తండ్రి నమస్కారాలు

అమెరికా ప్రభుత్వం వారి విద్యార్థి రుణమైన మహారాజశ్రీ డైరెక్ట్ అన్‌సబ్సిడైజ్డ్ లోన్ గారికి, టెక్సాస్ నుంచి ఓ ఆడపిల్ల తండ్రి వ్రాయునది. ఉభయకుశలోపరి.

చదువు ఖర్చుకి ఏ సాయం ఎంతో రాసి కాలేజీ వాళ్లు పంపిన అవార్డ్ లెటర్‌లో మిమ్మల్ని చూసి మా ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టింది. పైన మెరిట్ స్కాలర్‌షిప్, కిందే మీరు, 5,500 డాలర్లు. ఇద్దరిదీ ఒకటే రంగు చొక్కా. మా ఊరి వడ్డీ వ్యాపారులకి ఇంత తెలివి లేకపోయింది. పాపం, వాళ్లు అప్పుని అప్పు అనే అనేవారు.

మీ దర్శనానికి ముందు ఫాఫ్సా అనే ద్వారపాలకుడు, అంటే ప్రభుత్వ సాయానికి పెట్టుకునే దరఖాస్తు. నాకో అకౌంట్, అమ్మాయికో అకౌంట్. 2025లో కాలేజీలో చేరే పిల్లకి 2023 నాటి టాక్స్ లెక్కలు కావాలట. ఆ ఏడాది నాకో బోనస్ పడింది. (అది మళ్లీ పడలేదని కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి కాగితాలతో విన్నవించుకున్నాం. చూస్తున్నారు.) ఆ బోనస్ దెబ్బకి మీ అన్నగారు సబ్సిడైజ్డ్ లోన్ మా గడప తొక్కలేదు. ఆయనైతే పిల్ల చదివినన్నాళ్లూ వడ్డీ భారం ప్రభుత్వానిదే. మీరు మాత్రం డబ్బు కాలేజీకి చేరిన రోజు నుంచే మీటర్ తిప్పుతారు.

నేను గ్రీన్ కార్డ్ క్యూలో పన్నెండేళ్లుగా ఉన్నాను. నన్నింకా ఎవరూ నమ్మలేదు. ఇక్కడ పుట్టిన మా అమ్మాయిని మాత్రం, పైసా సంపాదన లేకపోయినా, క్రెడిట్ స్కోర్ అడక్కుండా నమ్మేశారు.

ఇక మాస్టర్ ప్రామిసరీ నోటు. మా తాత ప్రోనోటు రాస్తే రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం, పక్కన ఇద్దరు సాక్షులు, ఆ రాత్రికి నిద్ర లేదు. మా పిల్ల ఒక చేత్తో చిప్స్ తింటూ రెండో చేత్తో క్లిక్ కొట్టింది. ఆ ఒక్క సంతకం పదేళ్ల వరకు కొత్త లోన్లకీ చెల్లుతుందట. తాత నోటుకి మూడేళ్లు దాటితే కాలదోషం పట్టేది. మీకు ఆ దోషం అంటదు. దివాలా తీసినా మిమ్మల్ని వదిలించుకోవడం గగనమే.

మా నాన్నకి ఫోన్లో మీ 2025-26 వడ్డీ 6.39 శాతం అని చెప్తే, "శాతాలు నాకెందుకురా, నూటికి నెలకెంత?" అన్నారు. లెక్కేస్తే యాభై మూడు పైసలు.

"రూపాయి ధర్మవడ్డీలో సగమేగా, తీసుకో."

"తీసుకునేది నేను కాదు నాన్నా, మీ మనవరాలు."

అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత, "దానికి అంతా కావాలా?" అన్నారు.

అక్కర్లేదు. అవార్డ్ అన్నారు కదా అని మొత్తం తీసుకోవాలని రూలేం లేదు. అమ్మాయే 5,500 కొట్టేసి 3,000 అని టైప్ చేసింది. మొత్తం చేతికొచ్చాక వడ్డీ నెలకి సుమారు 16 డాలర్లు. చదువుతుండగానే కట్టేస్తానంటోంది, అసలుకి అంటుకోకుండా.

ఒక్క సందేహం. 1.057 శాతం ఫీజని ముందే కోసుకుని 2,968 డాలర్లే ఇస్తారు, వడ్డీ మాత్రం 3,000 మీద లెక్క కడతారు. ఈ లెక్క మా నాన్నకి చెప్పడం నా వల్ల కాలేదు. మీరే ఫోన్ చేయండి. ఆయన పొద్దున్నే ఐదింటికల్లా లేస్తారు.

ఇట్లు,
మీ బాకీదారు తండ్రి