ముందు నీటి సంగతి, తర్వాతే కాటేజీలు

టర్కీలోని పముక్కలేలో దాదాపు 200 మీటర్ల కొండ వాలంతా తెల్లటి మెట్లు, మెట్టు మెట్టుకీ నీటి గుంటలు. ఎవరూ కట్టినవి కావు. నేలలోపల సున్నపురాయిని కరిగించుకుని వెచ్చగా పైకి ఉబికే ఊటనీరు, గాలి తగలగానే తనలోని బొగ్గుపులుసు వాయువును వదిలేస్తుంది. దాంతో నీటిలోని సున్నం పొరలుగా పేరుకుంటుంది. కనిగిరి వైపు ఇళ్లలో నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లపొర లాంటిదే ఇదీ. కాకపోతే అక్కడ ఆ పొర మొదట మెత్తగా ఉండి, మెల్లగా రాయిగా మారుతుంది. ఈలోపు చెప్పుకాలు పడిందా, అంతే సంగతులు.

న్యూజిలాండ్‌లో ఇలాంటి మెట్లే, సున్నానికి బదులు సిలికాతో ఏర్పడినవి, 1886లో తరవేరా అగ్నిపర్వతం పేలి కనుమరుగయ్యాయి. దానికి ఎవరేం చేయగలరు? పముక్కలేను పాడుచేసింది మాత్రం ముమ్మాటికీ మనుషులే. కొండపైనే హోటళ్లు కట్టి ఊటనీటిని తమ ఈతకొలనులకు మళ్లించుకున్నారు. మెట్ల మీదుగానే రోడ్డు వేశారు. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాక గానీ ఆ హోటళ్లను కూల్చలేదు. రోడ్డూ పోయింది. ఇప్పుడు నీటిని వంతులవారీగా వదులుతున్నారు. సందర్శకులు చెప్పులు విడిచి నడవాల్సిందే. మనవాళ్లకిది కొత్త నియమమేమీ కాదు. గుడి ముందు ఠంచనుగా విడుస్తాం, వాగులో దిగేటప్పుడే మరిచిపోతాం.

ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో మనకున్నవి భైరవకోన, పెంచలకోన. ఒకచోట కొండరాతిని తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. మరోచోట వెలిగొండల్లో నరసింహస్వామి సన్నిధి, పైనుంచి దూకే జలధార. రెండింటికీ ప్రాణం కొండమీది అడవి పట్టి ఉంచే వాననీరే. పర్యాటకం అనగానే మన కాగితాల మీద ముందు కాటేజీలు, పార్కింగ్, సిమెంటు మెట్లు వచ్చి కూర్చుంటాయి. నీరు ఎక్కడ పుట్టి ఎటు పారుతోందన్నది ఆఖరి పేజీలోనైనా ఉంటే గొప్ప.

కట్టడాలు వద్దంటే దుకాణదారుల పొట్ట కొట్టినట్టేనన్న వాదన ఉండనే ఉంది. పముక్కలేలో హోటళ్లు లేకుండా పోలేదు, కొండ దిగువ ఊళ్లో నడుస్తున్నాయి. జనం రావడమూ మానలేదు. మేం కోరేదీ అదే. జలపాతాల ఎగువన ఇటుకా, బోరూ పడకూడదు. బండ్లు దూరంగానే ఆగాలి. సబ్బులు, షాంపూ ప్యాకెట్లతో మడుగులో దిగడాన్ని కార్తీకమాసం రద్దీ మొదలయ్యేలోపే నిషేధించాలి.